తాడు పట్టిన చెయ్యి

మా నల్లమల చెంచుల్లో తేనె కోసం కొండచరియ దిగేవాడి తాడును ఎవరుబడితే వాళ్ళు పట్టుకోరు. బావమరిదే పట్టుకోవాలి. కింద వేలాడే మనిషి చస్తే తన అక్కో చెల్లెలో పసుపు కుంకుమలు పోగొట్టుకుంటుంది కాబట్టి, ఎంత అలసినా బావమరిది చెయ్యి వదలడని పెద్దల నమ్మకం. "తాడు గట్టిదా కాదా తర్వాత చూద్దువు, పట్టుకున్నోడెవడో ముందు చూడు" అనేవాడు మా తాత. ఆయన బడికి పోలేదు, బడ్జెట్ అనే మాటే వినలేదు. కానీ ఈ మధ్య కేంద్ర బడ్జెట్‌లో పర్యావరణ శాఖ పద్దులు చదువుతుంటే ఆ మాటే గుర్తుకొస్తూ వచ్చింది.

మన ఆదివాసీ రచయితలం అడవి మీద చాలా రాశాం. అడవిని తల్లి అన్నాం, ఇల్లు అన్నాం, గుడి అన్నాం. నేనూ రాశాను. తప్పేమీ లేదు. కానీ అడవి ఉండాలో పోవాలో, మా ఊరి నీళ్ళు తాగొచ్చో లేదో నిర్ణయించే రాత ఇంకొకటుంది. అది ప్రతి ఏడాది ఫిబ్రవరి ఒకటిన వస్తుంది. దాని మీద మన సంచికల్లో సమీక్ష కనబడదు. అది మన సాహిత్యం కాదు గదా అనుకుంటాం. ఒక కథను విమర్శించేటప్పుడు ఏం చూస్తాం? ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరికి చోటు లేదు, ఏ విషయానికి ఎన్ని పేజీలిచ్చారు అని చూస్తాం. బడ్జెట్‌నూ అట్లాగే చదవొచ్చు. పేజీల బదులు రూపాయలు, అంతే తేడా.

ముందు అంకెలు చూద్దాం. 2025-26 కేంద్ర బడ్జెట్ మొత్తం సుమారు 50 లక్షల 65 వేల కోట్లు. అందులో పర్యావరణ, అటవీ, వాతావరణ మార్పుల శాఖకు కేటాయించింది 3,412.82 కోట్లు. వంద రూపాయల ఖర్చులో ఇది ఏడు పైసలకు లోపే. దేశంలో తల ఒక్కింటికి లెక్కేస్తే ఏడాదికి సుమారు 24 రూపాయలు. పులులు, ఏనుగులు, అడవుల మంటలు, నదుల నీటి పరీక్షలు, నగరాల గాలి, పరిశోధన సంస్థలు, జీతాలు, అన్నీ ఇందులోనే.

ఈ లెక్కను ఏడో తరగతి పిల్లలకు శాతాల పాఠంలో ఇచ్చాను. చాలామంది సరిగ్గానే చేశారు. చివర ఒక పాప లేచి, "సార్, పైసా అంటే ఎట్లుంటాది?" అని అడిగింది. పావలా, అంతకంటే చిన్న నాణేలు 2011లోనే చెలామణీ నుంచి పోయాయి. ఆ పాప పుట్టక ముందే పోయిన నాణెంతో ఆమె రేపటి నీళ్ళకూ గాలికీ లెక్క కట్టాం. నేను బల్ల మీద సుద్దతో గుండ్రంగా గీసి చూపించాను.

అయితే డబ్బు తక్కువ అన్నదొక్కటే నా ఫిర్యాదు కాదు. తక్కువ డబ్బుతో మంచి పని చేసినవాళ్ళను చూశాం, ఎక్కువ డబ్బుతో ఏమీ చేయనివాళ్ళనూ చూశాం. ఆ డబ్బు ఎవరి చేతి నుంచి వస్తుంది అన్నది అసలు ప్రశ్న.

మన దేశంలో పర్యావరణ రక్షణకంటూ ఒకే సంస్థ లేదు. 1974లో నీటి కాలుష్య చట్టం వచ్చింది, ఆ ఏడే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఏర్పడింది. మన రాష్ట్ర మండలి 1976లో వచ్చింది. 1981లో గాలి చట్టం, 1984లో భోపాల్ ఘోరం జరిగాక 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చాయి. పేపరు మీద అధికారాలు చిన్నవేం కావు. ఫ్యాక్టరీని మూయించొచ్చు, కరెంటు కోయించొచ్చు. కర్నూలులో రాష్ట్ర మండలికి జోనల్ కార్యాలయమే ఉంది. సీమలో సిమెంటు, నాపరాయి, ముగ్గురాయి, బొగ్గు కరెంటు, యురేనియం అన్నీ ఉన్నాయి కాబట్టి పనికి కొదవ లేదు.

మరి ఈ మండళ్ళు దేని మీద బతుకుతున్నాయి? 1977లో నీటి సెస్సు చట్టం తెచ్చారు. నీళ్ళు వాడుకునే పరిశ్రమలు, మున్సిపాలిటీలు ఈ సెస్సు కట్టాలి. అది కేంద్ర ఖజానాకు చేరేది, అందులో ఎక్కువ భాగం తిరిగి రాష్ట్ర మండళ్ళకు వచ్చేది. 2017లో జీఎస్టీతో పాటు ఆ సెస్సును ఎత్తేశారు. అంతకుముందు నుంచీ ఉన్న రెండో ఆదాయమే ఇప్పుడు చాలా మండళ్ళకు ప్రధానమైంది. పరిశ్రమ పెట్టడానికి ఒక అనుమతి, నడపడానికి ఇంకో అనుమతి, వాటిని పొడిగించుకోవడానికి మళ్ళీ మళ్ళీ కట్టే ఫీజులే ఆ ఆదాయం. పెద్ద పెట్టుబడికి పెద్ద ఫీజు.

అంటే ఏ పరిశ్రమకు "నీకు అనుమతి లేదు" అని చెప్పాలో, ఆ పరిశ్రమ అనుమతి కోసం కట్టే డబ్బుతోనే మండలి నడుస్తోంది. అనుమతులు ఎన్ని ఎక్కువైతే ఆదాయం అంత ఎక్కువ. తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదని మనకో సామెత ఉంది. కాలుష్య మండలి పనే వాసాలు లెక్కపెట్టడం. ఏ వాసం పుచ్చిందో, ఏది కూలేట్టుందో చెప్పడమే దాని ఉద్యోగం. అట్లాంటి దానికి ఆ ఇంట్లోనే భోజనం ఏర్పాటు చేశాం. తర్వాత లెక్క పెట్టలేదేమని తిడుతున్నాం. అక్కడ పనిచేసే వాళ్ళంతా అవినీతిపరులని నేననడం లేదు. నిజాయితీగల మనిషిని కూడా మొహమాట పెట్టే ఏర్పాటు ఇది.

ఒక అనుభవం చెబుతాను. చాలా ఏళ్ళ కింద నాపరాయి పాలిష్ మిషన్లున్న ఒక ఊళ్ళో పనిచేశాను. రాతిని నున్నగా చేసే చోట నీళ్ళలో కలిసిన తెల్లటి బురద వస్తుంది. దాన్ని ట్రాక్టర్లతో తెచ్చి ఊరి కుంట పక్క పోసేవాళ్ళు. ఎండాకాలం ఎండి పిండిలా లేచేది. బడి బల్లల మీద పొద్దున తుడిస్తే మధ్యాహ్నానికి పిల్లలు వేలితో పేర్లు రాసుకునేంత పేరుకునేది. గొర్రెల కాపరి ఒకాయనా నేనూ ఇంకొందరం కలిసి అర్జీ పెట్టాం. కొన్ని నెలలకు ఒక అధికారి వచ్చాడు. మంచి మనిషి. కుంట చుట్టూ తిరిగి, సీసాలో నీళ్ళు పట్టుకుని, మా మాటలు రాసుకున్నాడు. పోయేముందు టీ తాగుతూ, "సార్, నా కింద ఎన్ని మండలాలున్నాయో మీరు నమ్మరు, జీపు కూడా అడుక్కొని తెచ్చుకున్నా" అన్నాడు. తర్వాత ఏమైందో మాకు తెలియలేదు. నాకు బదిలీ అయింది. ఆ యూనిట్ల పేర్లు ఇక్కడ అనవసరం. పేర్లు మార్చి చూస్తే సీమలో అట్లాంటి ఊళ్ళు చాలా ఉన్నాయి.

ఆ అధికారి చెప్పింది సాకు కాదని తర్వాత అర్థమైంది. రాష్ట్రాల మండళ్ళలో మంజూరైన పోస్టుల్లో దాదాపు సగం ఖాళీగా ఉన్నాయని కేంద్ర మండలే జాతీయ హరిత ట్రైబ్యునల్‌కు చెప్పింది. ఒక టీచరుతో నడిచే బడి ఎట్లుంటుందో మనకు తెలుసు. ఐదు తరగతులూ ఉంటాయి, హాజరు పడుతుంది, పాఠం జరగదు.

"డబ్బు లేదు, ఏం చేస్తాం" అంటారేమో. డబ్బు లేక కాదని రెండు ఉదాహరణలు చెబుతాను.

మొదటిది బొగ్గు. 2010లో టన్ను బొగ్గుకు 50 రూపాయల సెస్సు పెట్టారు. స్వచ్ఛమైన ఇంధనం కోసం జాతీయ నిధి అన్నారు. 2016 నాటికి అది టన్నుకు 400 అయింది. మన కడప జిల్లాలో ముద్దనూరు దగ్గరి రాయలసీమ థర్మల్ కేంద్రంలో కాలే బొగ్గుకూ ఈ సెస్సు కట్టినట్టే. అంటే మన ఇళ్ళలో వెలిగిన బల్బులో కూడా దాని వాటా ఉంది. 2017-18 దాకా మొత్తం 86,440 కోట్లు వసూలైంది. అందులో ఆ నిధికి చేరింది 29,645 కోట్లు. ప్రాజెక్టులకు ఖర్చయింది 15,911 కోట్లు. మిగతాది జీఎస్టీ వల్ల రాష్ట్రాలకు వచ్చిన నష్టం పూడ్చడానికి మళ్ళించారు. 2017 తర్వాత ఆ సెస్సు పేరే మారిపోయింది. బొగ్గు మసి పీల్చిన ఊళ్ళ పేరు చెప్పి వసూలు చేసిన డబ్బు ఆ ఊళ్ళకు చేరలేదు. వసూలు చేసిన చెయ్యి ఒకటి, ఖర్చు పెట్టిన చెయ్యి ఇంకొకటి.

రెండోది గాలి. 2019 జనవరిలో జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమం మొదలైంది. గాలి ప్రమాణాలు అందుకోలేని నగరాల మొదటి జాబితాలోనే మన కర్నూలు ఉంది. తర్వాత కడప చేరింది. రాష్ట్రంలో అట్లాంటివి 13. ఈ కార్యక్రమానికి డబ్బిచ్చే 'కాలుష్య నియంత్రణ' పథకానికి 2024-25లో 858 కోట్లు కేటాయించారు. 2025 జనవరి మూడో వారం నాటికి ఖర్చయింది 7.22 కోట్లు. నూటికి ఒక్క రూపాయి కూడా కాలేదు. పథకాన్ని కొనసాగించడానికి రావాల్సిన ఆమోదం రాలేదని శాఖ జవాబు. పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని చూసి ఆశ్చర్యపోయింది. మా బడిలో ఏ టీచరైనా ఏడాది సిలబస్‌లో జనవరి దాకా ఒక్క శాతమే చెబితే మెమో ఇస్తారు.

ఇక్కడ ఒక వాదన వినిపిస్తుంది. కాలుష్యం చేసినవాడే డబ్బు కట్టడం న్యాయం కదా, మండలి ఫీజులు తీసుకుంటే తప్పేముంది అని. కట్టడం న్యాయమే. కానీ కట్టించుకునే చోటు వేరుగా ఉండాలి. కోర్టు జరిమానా వేస్తే ఆ డబ్బు జడ్జి జీతంలో కలవదు, ఖజానాకు పోతుంది. జడ్జి జీతం జరిమానాలను బట్టి పెరగదు, తగ్గదు. పరీక్ష ఫీజు కట్టిన పిల్లవాడిని పాస్ చేయాలని టీచరుకు నియమం లేదు. మండలికీ ఆ పాటి దూరం ఇవ్వాలి. ఫీజులు ఖజానాకు పోవాలి, ఖజానా నుంచి చట్టం ప్రకారం ఒక నిర్ణీత భాగం మండలికి రావాలి.

బయట దేశాల్లో అంతా బాగుందని కాదు. అమెరికాలో 1970 నుంచి పర్యావరణ పరిరక్షణ సంస్థ అని ఒకటే పెద్ద సంస్థ ఉంది. 2017లో దాని బడ్జెట్‌లో 31 శాతం కోత పెట్టాలని అక్కడి ప్రభుత్వం ప్రతిపాదించింది. వాళ్ళ కాంగ్రెస్ ఒప్పుకోలేదు. 2025లో మళ్ళీ, ఈసారి సగానికి పైగా కోత ప్రతిపాదించారు. అక్కడ కోసే కత్తి బయటికి కనబడుతుంది కాబట్టి జనం అరుస్తారు, సభ్యులు ఓటేస్తారు. మన దగ్గర కత్తి కనబడదు. ఒక సెస్సు రద్దవుతుంది, ఒక పోస్టు నిండదు, ఒక ఆమోదం రాదు. పద్దు మాత్రం పుస్తకంలో అట్లాగే ఉంటుంది.

తాడు ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్న యురేనియం దగ్గర ఇంకా తేటగా కనబడుతుంది. కడప జిల్లా వేముల మండలం తుమ్మలపల్లెలో 2012 నుంచి కేంద్ర ప్రభుత్వ సంస్థ యురేనియం తీస్తోంది. వ్యర్థాల చెరువు నుంచి నీళ్ళు ఇంకి బోర్లు చెడిపోతున్నాయని, అరటి తోటలు దెబ్బతింటున్నాయని చుట్టుపక్కల రైతులు మొత్తుకున్నారు. ఆ ఫిర్యాదుల తర్వాత 2019లో రాష్ట్ర కాలుష్య మండలి ఆ సంస్థకు నోటీసు ఇచ్చింది. మండలిని విమర్శిస్తున్నాను కాబట్టి ఈ మాట దాచకూడదు. నోటీసు ఇచ్చింది ఈ మండలే. కానీ ఎవరి బలం ఎంతో చూడండి. ఒకవైపు కేంద్ర అణుశక్తి శాఖ నీడలో ఉన్న సంస్థ, ఇంకోవైపు సగం కుర్చీలు ఖాళీగా ఉన్న మండళ్ళ వ్యవస్థ.

2024లో కర్నూలు జిల్లా దేవనకొండ మండలం కప్పట్రాళ్ళ వంతు వచ్చింది. 468 హెక్టార్ల పైచిలుకు రిజర్వు అడవిలో 68 బోర్లు వేసి యురేనియం వెదకాలని ప్రతిపాదన. నవంబరులో చుట్టుపక్కల ఊళ్ళన్నీ రోడ్డెక్కాయి. తుమ్మలపల్లె కథ విన్నవాళ్ళు కాబట్టి భయపడ్డారు. మూడు నెలలకే, 2025 ఫిబ్రవరి బడ్జెట్‌లో, చిన్న అణు రియాక్టర్ల పరిశోధన కోసం 20,000 కోట్లతో ఒక మిషన్ ప్రకటించారు. పర్యావరణ శాఖ మొత్తానికి ఇచ్చేదానికి దాదాపు ఆరేళ్ళ డబ్బు అది. అణు కరెంటు కావాలా వద్దా అన్నది వేరే చర్చ. కావాలనే అనుకున్నా, తవ్వే చేతికి ఇచ్చినప్పుడు తవ్విన చోట నీళ్ళు పరీక్షించే చేతికీ ఇవ్వాలి గదా. ఒక ఎద్దుకు దాణా వేసి రెండోదాన్ని పస్తుంచి కాడి కడితే అరక సాలు మీద నడవదు.

ఇక అడవి సంగతి. అడవిని పరిశ్రమకో ప్రాజెక్టుకో ఇచ్చినప్పుడు, తీసుకున్నవాళ్ళు ఆ అడవికి వెల కట్టి డబ్బు జమ చేయాలి. దాన్నే కంపా నిధి అంటున్నాం. ఏళ్ళ తరబడి పోగైన ఆ డబ్బు కోసం 2016లో చట్టం చేశారు. 2019 ఆగస్టులో 27 రాష్ట్రాలకు 47,436 కోట్లు పంచారు. శాఖ ఏడాది బడ్జెట్ ఆ రోజుల్లో ఇందులో పదో వంతు కూడా లేదు. అంటే అడవి నిలబడి ఉన్నప్పుడు దానికి వచ్చేది చిల్లర, పడిపోయినప్పుడు వచ్చేది పెట్టెలకొద్దీ. 290 కోట్లు, అది కూడా పులులకూ ఏనుగులకూ కలిపి, దేశంలో ఉన్న 58 పులుల రిజర్వులూ పంచుకోవాలి. ఆ రిజర్వుల్లో ఒకటి మా నల్లమల. అక్కడి బేస్ క్యాంపుల్లో రాత్రిళ్ళు కాపలా కాసేది, పులి అడుగు చూసి ఆడదో మగదో చెప్పేది మా చెంచు పిల్లలే. పద్దుల పుస్తకంలో వాళ్ళ పేరు వెదికాను. చెంచు అనే మాట నాకు కనబడలేదు. ఒక రచనలో మనిషి చేసిన పని ఉండి మనిషి లేకపోతే మనం దాన్నేమంటాం? విమర్శలో దానికి పేరుంది, అదృశ్యం చేయడం.

2016 చట్టం వచ్చినప్పుడు గ్రామసభ మాట లేదని ఆదివాసీ సంఘాలు అభ్యంతరం చెప్పాయి. రూల్స్‌లో చేరుస్తామని మంత్రి రాజ్యసభలో హామీ ఇచ్చారు. 2018 రూల్స్‌లో సంప్రదింపు అన్న మాట వచ్చింది. సంప్రదించడం వేరు, ఒప్పుకోలు తీసుకోవడం వేరు. 2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభకు అడవిని కాపాడే అధికారం ఇచ్చింది. అధికారం ఒక చట్టంలో, డబ్బు ఇంకో చట్టంలో ఉంటే రెండూ కలిసే రోజు రాదు.

మా బడికి ఒకసారి మొక్కల కోసం కొంత డబ్బు వచ్చింది. వేప, కానుగ నాటాం. ఏప్రిల్ వచ్చేసరికి నీళ్ళు లేవు. నీళ్ళు పోయడానికి పద్దు లేదు. పిల్లలు మధ్యాహ్న భోజనం పళ్ళాలు కడిగిన నీళ్ళు మోసి పోశారు. ఏడు మొక్కలు బతికాయి. నాటిన మొక్కకు ఫోటో ఉంటుంది, లెక్క ఉంటుంది. బతికించిన నీళ్ళకు రెండూ ఉండవు. పర్యావరణ బడ్జెట్ మొత్తంలో ఇదే లోపం చూస్తున్నాను. నాటడానికి ఉంది, కాయడానికి లేదు.

మరి ఏం అడగాలి? మనకు తెలిసిన దారి ఒకటుంది. 2013లో మన రాష్ట్రం ఉప ప్రణాళిక చట్టం చేసింది. మన జనాభా దామాషాలో డబ్బు కేటాయించి తీరాలని చట్టం చెప్పింది. దాన్ని ఎట్లా నీరుగారుస్తున్నారో, రోడ్లనూ భవనాలనూ మన ఖాతాలో ఎట్లా చూపిస్తున్నారో మనకు తెలుసు. అయినా చట్టం ఉంది కాబట్టే నిలదీయగలుగుతున్నాం. పర్యావరణ రక్షణకూ అట్లాంటి చట్టపు భాగం కావాలి. ఎవరి దయ మీదా, ఎవరి ఫీజు మీదా ఆధారపడని భాగం. రెండోది, నీటి పరీక్షల ఫలితాలు తెలుగులో రాసి ఊరి సచివాలయం గోడకు అంటించాలి. మూడోది, గనులూ ఫ్యాక్టరీలూ ఉన్న ఊళ్ళలో పరీక్ష చేసే పనికి ఆ ఊళ్ళ పిల్లలనే తీసుకోవాలి. ఇంటర్ సైన్సు చదివిన మన పిల్లలు ఇంట్లో ఖాళీగా ఉన్నారు. ఆ నీళ్ళు తాగేది వాళ్ళ అమ్మే కాబట్టి సీసా మార్చరు.

మూడో కోరికలో మళ్ళీ మా తాత మాటే వచ్చింది. చట్టాలు మనకు చాలానే ఉన్నాయి, తాడు గట్టిదే. కింద వేలాడేది మన ఊళ్ళు. పైన పట్టుకున్నవాడు మనం పడితే నష్టపోయేవాడా, లాభపడేవాడా అన్నదే ఏటా ఫిబ్రవరిలో చూడాల్సింది. వచ్చే సంచికకు రాసేవాళ్ళు అడవి మీద కవిత రాసినా, కథ రాసినా సంతోషమే. రాసే ముందు ఆ పద్దుల పుస్తకం ఒక్కసారి తెరిచి చూడండని మాత్రం అడుగుతున్నాను. శాతాల లెక్క కష్టమనిపిస్తే మా ఏడో తరగతి పిల్లలు చేసిపెడతారు.